పెట్టె లేవని ఇల్లు

మా ఆయన చచ్చిపోయాడా, బతికే ఉన్నాడా అన్న సంగతి తేల్చడానికి ఆ ఎండాకాలమంతా మా ఊళ్లో పంచాయితీలు జరిగాయి. ఆయన మాత్రం పెనుకొండలో, కొండ కింది మఠంలో, రెండు పూటలా నిక్షేపంగా భోంచేస్తున్నాడు.

తొంభై ఎనిమిదిలో జరిగింది ఇదంతా. మా ఊరు పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే వస్తుంది. ఇంటింటికీ ఇంత మల్బరీ తోట, ఒక పట్టుపురుగుల షెడ్డు. ఊరి అమ్మవారు సుంకులమ్మ. ఆమెకు గుడి ఉంది గానీ గుడిలో ఆమె ఉండదు. ఏడేళ్లకొకసారి ఊరు దేవర, అంటే జాతర, చేసినప్పుడు మాత్రం అక్కడికి పోయి, పూజలు అందుకుని వస్తుంది. మిగతా కాలమంతా మా ఇంట్లోనే కాపురం. నడిమింట్లో ఒక మూల టేకు పెట్టె, అందులో పట్టుగుడ్డ మీద ఆమె ఇత్తడి ముఖం. నిండు బిందెంత బరువు. ఉరిమి చూసే కళ్లు, పెద్ద ముక్కుపుడక, ఎప్పుడో ఎవరి చేతిలోంచో జారిపడి ఎడమ చెంప మీద పడిన సొట్ట.

పెట్టె ఉన్న ఇంటికి పద్ధతులు ఎక్కువ. మంగళవారం, శుక్రవారం ఆ ఇంటి ముత్తైదువ ముఖాన్ని చింతపండుతో తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి దీపం వెలిగించాలి. మొగుడు పోయిన మనిషి ముట్టుకోకూడదు. ఇంట్లో చావు జరిగితే శవం లేవకముందే పెట్టె లేచి దాయాదుల ఇంటికి పోవాలి, ఏడాది మైల తీరాకే తిరిగి రావాలి. ఇక దేవర నాడు ఆ ఇంటాయన ముఖాన్ని పెట్టెలోంచి ఎత్తి పెళ్లాం తలమీద పెట్టాలి. ఆమె గుడిదాకా మోసుకుపోవాలి. నా పెళ్లయిన కొత్తల్లో జరిగిన దేవరలో మా మామ ఎత్తి మా అత్త ఓబులమ్మ తలమీద పెట్టాడు. ఆ మరుసటేడే మామ పోయాడు. పెట్టె మామ తమ్ముడు గోవిందప్ప ఇంట్లో ఏడాది ఉండి మళ్లీ మా ఇంటికి వచ్చింది. అప్పటినుంచి అది నా చేతికింద ఉంది. ముప్పై ఏళ్లు ఆ ముఖం తోమిన మా అత్త, అప్పటినుంచి వంటింటి గడపలో కూర్చుని దూరంనుంచి నాకు వంకలు పెట్టేది.

అందుకని ఆ ఏడు దేవర కోసం నేను ఎంతగా కాచుకుని ఉన్నానో వేరే చెప్పనక్కర్లేదు. ఈసారి మోసేది నేను.

మా ఆయన హనుమంతరాయుడు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్మి వస్తూ, మా ఊళ్లో దిగకుండా పెనుకొండ దాకా పోవడం మొదలై అప్పటికి రెండేళ్లు. మొదట భజన అన్నాడు. తర్వాత అక్కడే భోంచేసి వచ్చేవాడు. ఆ తర్వాత పడుకుని పొద్దున వచ్చేవాడు. వేరే ఆడదాని దగ్గరికి పోతున్నాడని ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు తిట్టి ఇంట్లో కూర్చోబెట్టి ఉండేదాన్ని. దేవుడి దగ్గరికి పోయేవాణ్ని ఏమని తిట్టాలి?

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం షెడ్డులో పురుగులకు ఆకు వేస్తున్నాం. నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచిన పురుగులు ఆకలిమీద ఉన్నాయి, తట్టల మీద వాన కురుస్తున్నట్టు చప్పుడు. ఎండకు తడిగోనెలు కట్టాం, అవీ గంటకే ఎండిపోతున్నాయి.

"లచ్చిమీ, నన్ను ఇడిసిపెట్టు" అన్నాడు ఉన్నట్టుండి.

"నేను యాడ పట్టుకున్నా? తట్ట పట్టుకోని ఉండా."

"ఎగతాళి గాదు. సామి కాషాయం ఇస్తానన్నాడు. పెండ్లాం ఒప్పుకున్నానని నోటితో చెప్పల్లంట. లేకుంటే ఇయ్యడంట."

తట్ట కింద పెట్టి అడిగాను. "నేనేం తక్కువ చేసినా నీకి?"

"నువ్వేం చెయ్యలేదు. ఈటిని జూడు. బిడ్డల్ని సాకినట్టు సాకి, ఉడకబెట్టేకి తోలిస్తాండాము. నాకి చేతగాలేదు."

"ఉడకబెట్టకుంటే ధర్మవరంలో మా నాయన మగ్గం మీద ఏం నెయ్యల్ల? గాలా?"

ఆయన నవ్వలేదు. ఒకప్పుడు ఇలాంటి మాటలకు పగలబడి నవ్వేవాడు. అప్పుడు భయం వేసింది నాకు.

"దేవర కానీ" అన్నాను. "ముఖం ఎత్తి నా తలమీద పెట్టు. ఆ తర్వాత అడుగు, చూద్దాం."

ఆయన తట్ట ఎత్తుకున్నాడు. ఆకు వేస్తూ అవతలి వరసకు పోయాడు.

గూళ్లు కోతకు వచ్చాక మూటలు కట్టుకుని, పక్కింటి పెద్దప్పను తోడు తీసుకుని హిందూపురం పోయాడు. ఆ రాత్రి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడు పెద్దప్ప ఒక్కడే వచ్చి గూళ్ల సంచి మా గడపలో పెట్టాడు. అందులో చొక్కా, పంచె, చెప్పులు, వాచీ.

"మీ ఆయప్ప నిన్న కాషాయం కట్టినాడమ్మా" అన్నాడు తల వంచుకుని. "గుండు కొట్టించి, తన పిండం తనే పెట్టుకున్నాడు. నేను కండ్లారా చూసినా."

మా అత్త తిన్నగా బోరు దగ్గరికి పోయి, కడవతో చన్నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది. కడవను గడప ముందర పగలగొట్టింది. ఇంట్లో ఒకడు సన్యాసి అయితే వెనకా ముందూ ఏడు తరాలు తరిస్తాయట. అయినవాళ్లు ఏడ్చి వెనక్కి లాగకుండా, చచ్చిన లెక్క జమకట్టుకోవాలట.

"నువ్వూ పోసుకోమ్మా. వాణ్ని పోనీ."

"నేను పోసుకోను. పోసుకుంటే నేనేమవుతానో నీకు తెలుసు గదా అత్తా."

ఆమె తలవెంట్రుకలు ఇంకా తడారలేదు, గోవిందప్ప చిన్నమామ వచ్చేశాడు. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"అయ్యేది అయిపాయ. పెట్టె మా ఇంటికి పంపీమ్మా. సావింట్లో అమ్మవారు ఉండకూడదు. ఈ తూరి మీ చిన్నత్త గంగ మోస్తాది."

"ఎవరు సచ్చినారు మామా?"

"సన్యాసమంటే సావే గదమ్మా. మీ అత్త నీళ్లు పోసుకోలేదా?"

"ఆమె ఇష్టం, ఆమె పోసుకునె. ఆయప్ప పోయింది పెనుకొండకి. పెనుకొండకి పోయినోళ్లందరికీ నీళ్లు పోసుకుంటా పోతే బోర్లు ఎండిపోతాయి."

చిన్నమామ లేచి దులుపుకుని పోయాడు. పంచాయితీ పెడతానని వీధిలోంచి కేక వేశాడు. నేను నడిమింట్లోకి వచ్చి పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఆ ఎండాకాలమంతా నాకు అదే పని అయింది. ఒకచోట నిలకడగా కూర్చోలేకపోయేదాన్ని. బడికి సెలవులిచ్చారు, మా అమ్మాయి కావ్య నా వెనకాలే తిరుగుతూ "నాయన దేవరకు వస్తాడా మా?" అని అడిగేది. "అడుగుదాం" అనేదాన్ని.

తర్వాతి సోమవారం అత్తా నేనూ మఠానికి పోయాం. అత్త పూర్ణం పెట్టి ఓళిగలు చేసి డబ్బాలో పెట్టుకుంది. చచ్చినవాడికి ఓళిగలేమిటి అత్తా అని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

చిన్న మఠం అది. రాతి మంటపం, వెనక నాలుగు గదులు. ఆయన మంటపంలో కసువు ఊడుస్తున్నాడు. నున్నటి గుండు, కాషాయం, చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టాడు. నేరుగా వచ్చి మా అత్త కాళ్లముందు బోర్లా పడుకుని సాష్టాంగం చేశాడు. అత్త ఠక్కున వెనక్కి జరిగింది.

"భయపడవద్దమ్మా" అన్నారు లోపలినుంచి వచ్చిన ముసలి స్వామి. కన్నడ దేశపాయన, తెలుగు నిదానంగా మాట్లాడతారు. "సన్యాసికి తండ్రి అయినా మొక్కాలి. తల్లికి మాత్రం సన్యాసే మొక్కుతాడు. ఆ రుణం ఒకటి తీరదు."

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. నాకు ఆయన మొక్కనూ లేదు, నన్ను మొక్కమని ఎవరూ అననూ లేదు. అక్కడున్న చీపురుకైనా ఒక చోటుంది.

"సామీ, ఒక మాట అడగల్ల" అన్నాను. "నా మెళ్లో తాళి ఉండల్లనా, తియ్యల్లనా?"

ఆయన దాటవేయలేదు, అందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం. "సన్యాసి ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, తల్లి వస్తే ఏం చేయాలో అన్నీ రాసి ఉన్నాయి తల్లీ. వదిలి వచ్చిన భార్య ఎట్లుండాలో, నేను చదివినంతలో ఎవరూ రాయలేదు."

"రాసినోళ్లంతా ఇడిసిపెట్టి వచ్చినోళ్లే గదా సామీ. ఇంట్లో ఉండిపోయినోళ్లను అడిగి రాసింటే తెలిసుండు."

స్వామి నవ్వారు. తర్వాత నవ్వు ఆపి నావైపు చూశారు. "నువ్వు మీ అమ్మవారి ముందర నిలబడి మాట ఇచ్చినావని ఇతను చెప్పాడు. ఆ మాట మీదే కాషాయం ఇచ్చాను. ఇచ్చినావు కదా తల్లీ?"

మా ఆయన వైపు చూశాను. తల వంచుకుని కాలి బొటనవేలితో నేల రాస్తున్నాడు. తొమ్మిదేళ్ల కాపురంలో నాతో చిన్న అబద్ధం కూడా ఆడని మనిషి. దేవుడి దగ్గరికి పోవడానికి ఆడాడు.

"లేదంటే ఇప్పుడే చెప్పు" అన్నారు స్వామి. "కాషాయం విప్పించి నీతో పంపుతాను."

లేదు అంటే చాలు. మొగుడు ఇంటికొస్తాడు, పెట్టె ఇంట్లో ఉంటుంది, దేవర నాడు ముఖం నా తలమీద ఉంటుంది. కానీ పంతం అడ్డమొచ్చింది. అబద్ధం ఆయనది, ఆయనే కక్కాలి. నేనెందుకు ఆ పని చేసిపెట్టాలి?

"నన్నడగద్దు సామీ. ఆయప్పనే అడగండి, మళ్లొకసారి" అన్నాను. డబ్బా అక్కడ పెట్టేసి బయటికి వచ్చాను.

బస్సులో అత్త నా మోచెయ్యి పట్టుకుంది. "ఇయ్యలేదా మాట?"

"లేదు."

సోమందేపల్లి దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక చూస్తే కొంగు తడిసి ఉంది. కొడుకు పోయినందుకు ఏడవని మనిషి, కొడుకు అబద్ధమాడినందుకు ఏడ్చింది.

సంగతి తెలిసి ధర్మవరం నుంచి మా నాయన వచ్చి నన్నూ కావ్యనూ తీసుకుపోయాడు. "నాలుగు నాళ్లు ఉండు, మనసు కుదుటపడుతాది" అన్నాడు. పుట్టింట్లో మగ్గం చప్పుడు నాకు జోలపాట లాంటిది, అంత చప్పుడులోనూ నిద్రపోయేదాన్ని చిన్నప్పుడు. ఈసారి పట్టలేదు. అమ్మ తల దువ్వుతూ, "ఈడే ఉండిపో. కండెలు చుట్టుకోని బతకొచ్చు. ఆ ఇల్లు నీకెందుకింక?" అనేది. నిజమే, ఎందుకు?

మంగళవారం తెల్లవారింది. లేచీ లేవగానే చేతులు ఊరికే ఉండలేకపోయాయి. వంటింట్లోకి పోయి చింతపండు నానబెట్టాను. అమ్మ ఇత్తడి చెంబు తీసుకుని తోమడం మొదలుపెట్టాను. చెంబుకు చెంప లేదు, సొట్ట లేదు. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ నేను కుమిలిపోతున్నది మొగుడి కోసం కాదు. ఆయన లేని మంచం నాకు అలవాటైపోయింది. ఆమె లేని మంగళవారం అలవాటు కాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది. సిగ్గేసినా నిజం నిజమే.

"యాడికే ఇంత పొద్దున్నే?" అంది అమ్మ, నేను కావ్యకు జడ వేస్తుంటే.

"ఈ పొద్దు మంగళవారం మా. ఆయమ్మకు నీళ్లు పొయ్యల్ల."

మేము ఊరు చేరేసరికి చిన్నమామ పంచాయితీ పిలిపించి ఉన్నాడు. ఆ సాయంత్రమే సుంకులమ్మ గుడి ముందర చాపలు పరిచారు. దేవర దగ్గరపడింది. ప్రతి ఇంట్లో పొట్టేలు కొని కట్టేశారు, ఆడబిడ్డలకు కబుర్లు పోయాయి, గోడలకు సున్నాలు పడ్డాయి. నన్ను చాపల అవతల నిలబెట్టారు. గంగక్క చిన్నత్త నాకు ఎదురుగా కూర్చుంది. చెడ్డది కాదు ఆమె. పెట్టె ఏడాదిపాటు తన ఇంట్లో ఉన్నప్పుడు దాని రుచి తెలిసింది, అంతే. నాకు తెలిసినట్టే.

"ఈయమ్మ ముత్తైదువనా కాదా, అది తేలల్ల ముందు" అన్నాడు చిన్నమామ. "మొగుడు పిండం పెట్టుకున్నాడు. పెద్దప్ప చూసినాడు. తల్లి నీళ్లు పోసుకుంది. ఇంకేం గావల్ల?"

తలకొక మాట అన్నారు. తాళి ఉంది కదా అన్నారు కొందరు. తాళి కట్టినవాడు లేడు కదా అన్నారు ఇంకొందరు. అంతసేపూ నేను గుడి గోడకేసి చూస్తున్నాను. ఊరు ఊరంతా నా మెడ గురించి మాట్లాడుతుంటే నా మెడ నాది కానట్టుంది.

"మామా, నేనొకటి అడగొచ్చా?" అన్నాను.

"అడుగు."

"నీ అన్న కొడుకు సచ్చినాడంటావు."

"సచ్చినట్టే."

"అట్టే గిట్టే వద్దు. సచ్చినాడా?"

"సచ్చినాడు!"

"శవం లేవకముందే పెట్టె లేవల్ల గదా మన పద్ధతి. ఆయప్ప గూళ్ల మూట ఎత్తుకోని గడప దాటిన పొద్దు పెట్టె లేచిందా? లేవలేదు. నడిమింట్లోనే ఉండాది, ఈ పొద్దుకీ ఆడే ఉండాది. సచ్చినాడంటే అమ్మవారు సావింట్లో మైలపడినట్టే. ఇంగ ఏడాది దాకా దేవర లేదు. పొట్టేళ్లను సంతకు తోలుకోండి, ఆడబిడ్డల్ని రావద్దని చెప్పండి."

ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. బతికున్న మనిషి గూళ్లు అమ్మడానికి పోతుంటే పెట్టె లేపాలని ఎవరికి తడుతుంది? వెనకనుంచి ఎవరో, "బతికే ఉండాడు లేప్పా! నిన్న కూడా పెనుకొండలో చూసినా!" అని అరిచారు. జనం గొల్లున నవ్వారు. ఆ వెంటనే ఇంకొకరు, మరొకరు చూశామన్నారు. అలా మా ఆయన ఊరందరి చేతా బతికిపోయాడు. బతికించిన పుణ్యం పొట్టేళ్లది.

చిన్నమామ మాత్రం తక్కువ తిన్నవాడు కాదు. నవ్వులు ఆగాక నిదానంగా లేచాడు. "సరే, బతికుండాడు. బతికుండే మొగుడు వచ్చి ముఖం ఎత్తి పెండ్లాం తలమీద పెట్టల్ల. దేవర పొద్దున రాకపోతే మా ఇంటిది మోస్తాది. పెట్టె కూడా మా ఇంటికే వస్తాది."

పెద్దప్పతో మఠానికి కబురు పంపాను. "దేవరకు వచ్చి ముఖం ఎత్తి పెట్టిపో" అని, అంతే. జవాబు రాలేదు. ఇల్లంతా అలికాను. అలికిన ఇల్లే మళ్లీ అలికాను. బస్సు హారన్ వినిపిస్తే చాలు, వీధి గుమ్మంలోకి వచ్చేదాన్ని. అత్త చూసీ చూడనట్టు ఊరుకునేది. ఒకసారి మాత్రం, "వస్తే వానికి నష్టం, రాకుంటే నీకు నష్టం. ఏమని మొక్కుకోవల్లో నాకు తెలీడం లేదు మే" అంది.

దేవర పొద్దున మొదటి బస్సుకే వచ్చాడు.

కాషాయంతో వీధిలో నడిచి వస్తుంటే కొందరు దండం పెట్టారు, కొందరు "ఏమప్పా, బాగుండావా?" అన్నారు. కావ్య పరుగెత్తుకుపోయి, దగ్గరికెళ్లాక ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగిపోయింది. ఆయన దాని తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంటి ముందు గంగక్క కొత్త పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. చిన్నమామ గడప దగ్గర. వెనక జనం.

నడిమింట్లో పెట్టె ముందు నేను, తలమీద గుడ్డ చుట్ట పెట్టుకుని ఉన్నాను. అత్త వంటింటి గడపలో తన చోటులో కూర్చుంది. ఆయన లోపలికి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అబద్ధమాడినానని సామికి చెప్పేసినా" అన్నాడు. "ఆయన నన్ను తిట్టలేదు. 'పో, ఆమె ఏం చెయ్యమంటే అది చెయ్యి' అన్నాడు. అమ్మవారిని ఎత్తితే ఇంగ కాషాయం లేదు. ఈడే ఉంటా."

"నీకేం గావల్ల?"

"నాదేం లేదు. నువ్వు చెప్పు."

బయట మొదటి పొట్టేలు మీద పసుపు నీళ్లు పోస్తున్నారు. అది తనంతట తాను ఒళ్లు విదిలిస్తేనే అమ్మవారికి ఇస్తారు, ఒప్పుకున్నట్టు. విదిలించలేదేమో, "పొయ్యి, ఇంకా పొయ్యి" అని కేకలు వినిపిస్తున్నాయి. ఆయన వంగి పెట్టె మూత మీదికి చేతులు చాచాడు.

ఒక్క క్షణం ఆగితే అన్నీ నావే. కానీ నాకు కావాల్సింది ఆయన చేతులు, అదీ ఆ ఒక్క పొద్దుకు. మనిషి అక్కర్లేదు. ఆ ఒక్క పొద్దు పని కోసం ఒక మనిషిని జన్మంతా గుంజకు కట్టేసుకోవడం, రోజూ ఆ మొహం చూస్తూ అన్నం పెట్టడం, తలచుకుంటేనే రోత పుట్టింది. కోపం అప్పటికీ ఉంది. జాలి కూడా పుట్టింది, అది నాకే చిత్రంగా తోచింది.

"ముట్టుకోవద్దు" అన్నాను.

ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఆ పొద్దు నేను మాట ఇయ్యలేదు. ఇప్పుడు ఇస్తాండా, ఆయమ్మ ముందర. పో."

పోయిరా అనలేదు. మా వైపు పగవాణ్ని కూడా ఉత్త పో అని సాగనంపరు. గడప దగ్గర అందరూ విన్నారు. ఆయన నా కాళ్ల వైపు వంగబోయాడు. నేను తప్పుకున్నాను. అలాంటిదేదీ రాసి లేదు కదా.

"తేలిపాయ" అన్నాడు చిన్నమామ. "గంగా, రా లోపలికి."

గంగక్క గడపలో కాలు పెట్టింది. నేను చుట్ట సర్దుకుని వంటింటి వైపు తిరిగాను.

"అత్తా, నువ్వు ఎత్తు."

"నేనా?" అంది అత్త. "నేనెట్ల ముట్టుకుందునే, ముండమోసినదాన్ని."

"నీ కొడుకు ఉండాడో లేడో తేల్చేకి ఊరంతా కూడింది. నువ్వుండావు గదా అత్తా!"

ఆమె కొడుకు వైపు చూసింది. నావైపు చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి వచ్చింది. "ఓబులొదినా!" అని చిన్నమామ కేక వేశాడు. ఆమె వినిపించుకోలేదు. కొంగుకు చేతులు తుడుచుకుని మూత తెరిచింది. ముప్పై ఏళ్లు ఎత్తిన బరువు, చేతులు వాటంతటవే చోటు వెతుక్కున్నాయి. "నువ్వు బరువైనావా, నేను ముసలిదాన్నయినానా తల్లీ" అని గొణుక్కుంటూ పైకి లేపి నా తలమీద పెట్టింది. పెట్టెలోంచి లేచి ఒకసారి తలకెక్కిన ముఖం గుడి చూడకుండా ఆ తల దిగకూడదు. ఇంక ఎవరూ చేయగలిగింది లేదు. డప్పులు మొదలయ్యాయి.

దేవర అయిపోగానే పెట్టె చిన్నమామ ఇంటికి పోయింది. మొగుణ్ని నోటితో పొమ్మన్నదాని ఇంట్లో, విధవ ముట్టుకున్న ఇంట్లో అమ్మవారు ఎట్లా ఉంటుందన్నారు. అంటారని తలమీద బరువు పడినప్పుడే నాకు తెలుసు. అయినా ఆ పొద్దు నా ఇంటినుంచి గుడిదాకా ఆమె నా తలమీదే ఉంది.

వీధిలోకి వచ్చాం. నా కాళ్లమీద బిందెలతో నీళ్లు పోస్తున్నారు, మట్టి జారుతోంది. మెడ బిగుసుకుపోయి ఉంది. గంగక్క ఎందుకో నా పక్కనే వచ్చి నడుస్తోంది, నేను తూలితే పట్టుకోవడానికన్నట్టు చెయ్యి చాపి. ఊరి చివర మలుపు దగ్గర ఒక దారి గుడికి, ఒక దారి బస్సుకు. మేము ఇటు తిరిగాం. ఆయన అటు తిరిగి ఉంటాడు. తల తిప్పి చూడాలని ఉంది నాకు, ఒట్టు. నిండు బిందెంత బరువు నెత్తిన పెట్టుకుని తల తిప్పడానికి లేదు.

గంగక్క వెనక్కి తిరిగి చూసింది.

"ఈ దిక్కే చూస్తా నిలబడినాడే" అంది మెల్లగా, నా చెవి దగ్గర.

అది నిజమో, నా మీద జాలితో అన్నదో, ఈనాటికీ అడగలేదు.

"ముందర చూసి నడువు చిన్నత్తా" అన్నాను. "రాళ్లుండాయి."